యాభై ఏళ్ళ ప్యూజో సైకిలుకి కొత్త వెనుక చక్రం, కొత్త గేర్లు: ఏది మార్చాలి, ఏది ఉంచాలి

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి. చాలా ఏళ్ళుగా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. నాకు 48 ఏళ్ళు. మా వీధిలో ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ తన ప్యూజో యూఓ-8 సైకిలు 40 డాలర్లకి నాకిచ్చేశారు. 1973లో కొన్నదట. ఫ్రేముకి ఎక్కడా తుప్పు లేదు. ముందు 52, 40 పళ్ళ చక్రాలు రెండు, వెనుక 14 నుంచి 28 పళ్ళ దాకా ఐదు ఉన్నాయి. చదును రోడ్డు మీద హాయిగా పోతుంది. గ్రీన్‌బ్రూక్ దగ్గర వాషింగ్టన్ రాక్ ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం మోకాళ్ళు పట్టేసి, సగంలో దిగి నెట్టుకుంటూ పోతున్నాను. పైగా వెనుక చక్రంలో ఒక పుల్ల వేయిస్తే ఇంకో పుల్ల తెగుతోంది. ఆఫీసులో స్నేహితుడు పదకొండు గేర్ల కొత్త చక్రం వేసెయ్యమంటాడు. సైకిలు షాపులోనేమో దీని మీద డబ్బు పెట్టొద్దు, కొత్తది కొనుక్కోమన్నారు. నా దగ్గర 350 డాలర్లున్నాయి. ఏం చెయ్యమంటారు? ఇంకో చిన్న సంగతి: పెడలు తొక్కుతుంటే ఎడమ క్రాంకుని (పెడలు తగిలించిన కడ్డీని) ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను దగ్గర టక్కుటక్కుమంటోంది. మన ఊళ్ళో దొరికే కాటర్ పిన్నులు తెప్పించుకుంటే సరిపోతాయా?

జవాబు: నమస్కారమండీ. షాపు వాళ్ళ మాటా, మీ స్నేహితుడి మాటా రెండూ కాసేపు పక్కన పెట్టండి. ఆ సైకిలు బాగుచేసుకోదగ్గదే. చేతి పని కొంత మీరే చేసుకుంటే 350 డాలర్లలో ముగించొచ్చు కూడా. పదకొండు గేర్లు మాత్రం వద్దు. మీకు నిజంగా కావలసినవి రెండే: కొండ ఎక్కడానికి తేలికైన గేరు ఒకటి, కొండ దిగేటప్పుడు నమ్మదగ్గ బ్రేకు. మొదటిది కొత్త వెనుక చక్రం లేకుండా రాదు. రెండోది కొత్త రిమ్ము లేకుండా రాదు. అందుకే ఖర్చు చక్రం దగ్గర మొదలుపెట్టి, మిగిలిన డబ్బుతో మిగతావి చూసుకోమంటాను.

ముందుగా మీ చేతికొచ్చింది ఎలాంటి సైకిలో చెబుతాను. 1970ల మొదట్లో అమెరికాలో సైకిళ్ళకి గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. 1973 ఒక్క ఏడాదిలోనే సుమారు కోటిన్నర సైకిళ్ళు అమ్ముడయ్యాయి. ఇక్కడి కంపెనీల సరుకు చాలక ఫ్రాన్స్, ఇంగ్లండ్, జపాన్ నుంచి ఓడల్లో దించారు. అప్పుడు వచ్చిన ఫ్రెంచి సైకిళ్ళలో యూఓ-8 అందరికీ తెలిసిన పేరు. మామూలు ఉక్కు గొట్టాలు, అవి కలిసే చోట లగ్గులనే లోహపు తొడుగులు పెట్టి ఇత్తడితో అతికిన ఫ్రేము. గుంతల్లో పడ్డా ఒళ్ళు కదలనివ్వని మెత్తదనం దాని స్వభావం. అరుదైనది కాదు కాబట్టి మార్పులు చేస్తే పాడైపోతుందేమోనన్న భయం అక్కర్లేదు. అదే కంపెనీ రేనాల్డ్స్ 531 అనే మేలైన తేలిక ఉక్కు గొట్టాలతో చేసిన పీఎక్స్-10 రేసు సైకిలు మీకు దొరికి ఉంటే, ఫ్రేము జోలికి వెళ్ళొద్దనే చెప్పేవాణ్ణి. ఏది విప్పినా పారెయ్యకుండా ఒక డబ్బాలో పెట్టి ఉంచండి. రేపు ఇంకొకరికి ఇవ్వాల్సొస్తే పాత సామాను కూడా ఇచ్చెయ్యొచ్చు.

ఇప్పుడు గేర్ల లెక్క చూద్దాం. మీ అన్నిటికన్నా తేలిక గేరు ముందు 40, వెనుక 28. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం 1.43 చుట్లు తిరుగుతుంది, బండి మూడు మీటర్ల పైచిలుకు ముందుకు పోతుంది. వాషింగ్టన్ రాక్ లాంటి ఏటవాలు మీద, యాభైకి దగ్గరపడుతున్న మోకాళ్ళకి అది బరువే. ఆ రోజుల్లో ఈ గేర్లు పెట్టినవాళ్ళు కుర్రాళ్ళని దృష్టిలో పెట్టుకుని పెట్టారు. వెనుక 34 పళ్ళ చక్రం పడితే అదే చుట్టుకి బండి రెండున్నర మీటర్లే పోతుంది. ప్రతి తొక్కుడుకీ కాలి మీద పడే భారం ఆరో వంతుకు పైగా తగ్గుతుంది. దిగి నెట్టడానికీ, నెమ్మదిగానైనా కూర్చుని ఎక్కెయ్యడానికీ మధ్య తేడా సరిగ్గా అంతే. పైనున్న 52కి 14 గేరు అలాగే ఉంటుంది కాబట్టి చదునులో మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు.

పదకొండు గేర్ల చక్రం వేసినా చివరి పళ్ళచక్రం 34 ఉంటే మీ కొండ గేరు ఇదే. మధ్యలో మెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, అంతే తేడా. దానికోసం సన్నటి చైను, దానికి తగ్గ ముందు పళ్ళచక్రాలు, కొత్త లివర్లు అన్నీ కొనాలి. పాత క్రాంకు మీద రెండు చక్రాల మధ్య సందు ఎక్కువ. సన్నటి చైను ఆ సందులోకి జారి ఇరుక్కుంటుంది. మీ ఫ్రేము గొట్టం మీదున్న క్లిక్కుల్లేని లివరుతో పదకొండు చక్రాల్లో ఏది ఎక్కడుందో చేతి స్పర్శతో పట్టుకోవడం కూడా కష్టం.

చక్రం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మీ పుల్లలు ఎందుకు తెగుతున్నాయంటే, పుల్ల బలంగా లాగి లేనప్పుడు చక్రం తిరిగే ప్రతిసారీ నడుమ ఉండే హబ్బు దగ్గరి వంపులో అది కొంచెం వదులవుతూ, కొంచెం బిగుస్తూ ఉంటుంది. యాభై ఏళ్ళు అలా నలిగి నలిగి లోహం అలిసిపోతుంది. కుడివైపువి ముందు పోతాయి. గేర్లకి చోటిస్తూ అటువైపు పుల్లలు నిటారుగా నిలబడి ఎక్కువ భారం మోస్తాయి కదా. ఇలా వరసగా తెగుతున్నాయంటే మిగతావీ అదే దారిలో ఉన్నట్టే. ఒక్కోటీ మార్పిస్తూ పోవడం డబ్బు దండగ.

ఇక రిమ్ము. ఒక అయస్కాంతం తీసుకుని రిమ్ముకి ఆనించండి. అతుక్కుంటే క్రోమియం పూసిన ఉక్కు. యూఓ-8 మీద మామూలుగా ఉండేది అదే. పొడిగా ఉన్నప్పుడు పర్వాలేదు. వాన పడితే నున్నటి క్రోమియం మీద నీటి పొర నిలిచి బ్రేకు రబ్బరు జారిపోతుంది, లివరు ఎంత నొక్కినా బండి ఆగదు. కొండ మీంచి దిగుతుండగా వాన పట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. గేర్ల గురించి ఇక ఏం చెయ్యకపోయినా సరే, ఈ ఒక్క కారణానికి ఉక్కు రిమ్ములు రెండూ తీసేసి అల్యూమినియం రిమ్ములు వేయించమంటాను. ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే కాబట్టి, వెనుకది ఇప్పుడు, ముందుది తర్వాత అని కూడా ఎక్కువ కాలం వాయిదా వెయ్యొద్దు.

ఏ సైజు కొనాలన్నది తర్వాతి ప్రశ్న. మీ టైరు పక్క గోడ మీద చదవండి. 27 × 1¼ అనీ, చాలా టైర్ల మీద 32-630 అనీ ఉంటుంది. ఆ 630 అన్నదే అసలు కొలత, రిమ్ము మీద టైరు కూర్చునే వ్యాసం, మిల్లీమీటర్లలో. ఇవాళ్టి రోడ్డు సైకిళ్ళ 700సీ రిమ్ము 622. చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి, ఒకదాని టైరు ఇంకోదానికి సరిపోదు. మన ఊళ్ళ పెద్ద సైకిళ్ళ 28 × 1½ రిమ్ము 635, అది ఇంకో జాతి. నా ఓటు 700సీకే. దానికి ఏ ఊళ్ళోనైనా టైరు దొరుకుతుంది. పైగా వ్యాసార్థం 4 మిల్లీమీటర్లు తగ్గడం వల్ల కొంచెం లావు టైరుకీ, మడ్‌గార్డుకీ చోటు వస్తుంది. కాని ఆ 4 మిల్లీమీటర్లు బ్రేకు రబ్బర్లు కిందికి దిగాలి. మీ సైకిలు మీద ఉన్నవి మఫాక్ రేసర్ సెంటర్‌పుల్ (తీగ మధ్యలోంచి లాగే) బ్రేకులైతే మామూలుగా దిగుతాయి. కొనేముందే చూసుకోండి: రబ్బరు పట్టుకునే బోల్టు ఆ పొడుగాటి గాడిలో ఇప్పుడు ఎక్కడుంది, దాని కింద ఇంకా 4 మిల్లీమీటర్ల గాడి మిగిలి ఉందా అని స్కేలు పెట్టి కొలవండి. మిగలకపోతే 27 అంగుళాల అల్యూమినియం రిమ్మే వేయించుకోండి. సన్ కంపెనీ సీఆర్18 రిమ్ము రెండు సైజుల్లోనూ వస్తుంది, వెండిలా మెరుస్తుంది, పాత ఫ్రేముకి నప్పుతుంది. పుల్లలు 36 ఉన్నదే తీసుకోండి.

చాలామంది ఇక్కడ పొదుపు చేద్దామని పాత చక్రం ఉంచేసి, కొత్త ఫ్రీవీల్ (హబ్బు మీద మరతో బిగుసుకునే వెనుక పళ్ళచక్రాల గుత్తి) మాత్రం కొని బిగిస్తారు. మీరు ఆ పని చెయ్యకండి. మీ పాత హబ్బు మీద మర ఫ్రెంచి కొలత అయ్యుండొచ్చు: 34.7 మిల్లీమీటర్ల వ్యాసం, మిల్లీమీటరుకో చుట్టు. ఇప్పుడు అమ్మే ఫ్రీవీళ్ళు దాదాపు అన్నీ 1.375 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. కొత్తది పాత హబ్బు కన్నా కొంచెం వెడల్పు కాబట్టి ఎక్కకుండా మొరాయించదు, సులువుగా ఎక్కేస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది. వదులుగా కూర్చున్న మర మీద మీరు ఎత్తులో లేచి నిలబడి తొక్కితే హబ్బు మర ఒరుసుకుపోయి తెగుతుంది, కాలు ఒక్కసారిగా కిందికి జారుతుంది. కొత్త చక్రం కొంటే ఈ ఫ్రెంచి కొలతల తలనొప్పి వెనుకవైపు పూర్తిగా పోతుంది.

కొత్త చక్రం ఎంచుకునేటప్పుడు షాపులో అడగాల్సిన ఒక్క అంకె ఉంది: ఇరుసు మీద ఈ చివరి నట్టు నుంచి ఆ చివరి నట్టు దాకా వెలుపలి వెడల్పు. ఐదు గేర్ల కాలంలో ఇది 120 మిల్లీమీటర్లు. ఆరు, ఏడు గేర్లకి 126 అయింది. ఎనిమిది నుంచి పైన, రిమ్ము బ్రేకుల రోడ్డు సైకిళ్ళకి 130. కొండ సైకిళ్ళకి చాలాకాలం 135 ఉండేది. మీ ఫ్రేములో వెనుక ఇరుసు కూర్చునే రెండు పలకల మధ్య ఖాళీని చక్రం తీసి కొలవండి, 120 దగ్గర వస్తుంది. మీకు నేను చెప్పేది 126 వెడల్పు ఉన్న, ఫ్రీవీల్ మర మీద బిగించే హబ్బు. ఏడు గేర్ల చవక చక్రాలు చాలావరకు 130, 135 వెడల్పుల్లో వస్తాయి. అడగకుండా కొంటే మీ ఫ్రేములో పట్టదు.

130 వెడల్పు క్యాసెట్ హబ్బు (పళ్ళచక్రాలు మరతో కాకుండా గాడుల మీదికి జారి కూర్చునేది) ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి, ఎందుకంటే విడిగా చూస్తే అదే మేలైన వస్తువు. ఫ్రీవీల్ హబ్బులో కుడివైపు బేరింగు గేర్ల లోపలికి ఉండిపోతుంది. అక్కణ్ణుంచి ఫ్రేము దాకా ఇరుసు ఆధారం లేకుండా సాగుతుంది. గేర్లు పెరిగేకొద్దీ ఆ సాగిన భాగం పెరిగి ఇరుసు వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. జపాన్ కంపెనీ షిమానో 1978లో తన డ్యూరా-ఏస్ రేసు సామానుతో తెచ్చిన ఫ్రీహబ్బులో, అంటే ఈ క్యాసెట్ హబ్బు రకంలో, బేరింగు దాదాపు ఫ్రేము అంచు దాకా జరిగింది, ఇరుసుకి ఆ బాధ తీరింది. మీది 1980ల జపాన్ సైకిలు, మియాటానో ఫ్యూజీనో అయి, ఫ్రేము అప్పటికే 126 ఉంటే, ఎనిమిది గేర్ల క్యాసెట్ పెట్టుకోమనేవాణ్ణి. పక్కకి 2 మిల్లీమీటర్లు చేత్తో లాగితే సరిపోతుంది. మీ ఫ్రేముని 120 నుంచి 130కి తెరవాలంటే పక్కకి 5 మిల్లీమీటర్లు. చేసినవాళ్ళున్నారు. కాని వంపు అంతా క్రాంకు వెనుక, చక్రానికి అటూ ఇటూ సాగే ఫ్రేము గొట్టాలు, అంటే ఫ్రేము కాళ్ళు, రెంటినీ కలిపే చిన్న అడ్డగొట్టం దగ్గర పడుతుంది. అతుకు మీద అంత పని పెట్టడం నాకిష్టం లేదు. 126కి పక్కకి 3 చాలు. మీ ఒంటి బరువుకీ, రోజువారీ తొక్కుడుకీ 126 ఫ్రీవీల్ హబ్బు ఇరుసు తట్టుకుంటుంది. వెనుక సంచులు తగిలించి దూర ప్రయాణాలు చేసే ఉద్దేశం ఉంటేనే ఈ మాట మళ్ళీ ఆలోచించాలి.

ఆ 3 మిల్లీమీటర్లు తెరవడం ఎలా అన్నది జాగ్రత్తగా వినండి. ఇది ఉక్కు ఫ్రేముకే చెయ్యాలి. అల్యూమినియం, కార్బన్ ఫ్రేములకి ఎప్పుడూ చెయ్యకూడదు. ఒక పొడుగాటి మర కడ్డీని రెండు పలకల మధ్య పెట్టి నట్లు తిప్పుతూ రెంటినీ ఒకేసారి దూరంగా నెట్టే పద్ధతి చాలామంది చెబుతారు. దానిలో చిక్కేమిటంటే, కుడి కాలుకీ ఎడమ కాలుకీ బలం ఒకేలా ఉండదు. బలహీనమైనదే ముందు వంగి, వంపంతా అటే పోతుంది. చక్రం ఫ్రేము మధ్యలో కాకుండా ఒక పక్కకి నిలుస్తుంది. అందుకని ఒక్కో కాలు విడివిడిగా, కొద్దికొద్దిగా వంచాలి. ప్రతిసారీ దారంతో చూసుకోవాలి. కుడి పలకకి ఒక గట్టి దారం ముడివేసి, ముందుకి తీసుకెళ్ళి హ్యాండిలు కింది తల గొట్టాన్ని చుట్టి, మళ్ళీ వెనక్కి తెచ్చి ఎడమ పలకకి లాగి కట్టండి. ఇప్పుడు దారం సీటు గొట్టానికి కుడివైపు ఎంత దూరంలో పోతోందో, ఎడమవైపు ఎంత దూరంలో పోతోందో స్కేలుతో చూడండి. మిల్లీమీటరు తేడా లోపల ఉంటే సరే. దూరం ఎక్కువ ఉన్న పక్క కాలు బయటికి పోయిందని అర్థం, ఇక రెండోదాన్నే వంచాలి.

అదయ్యాక ఇంకోటుంది. కాళ్ళు తెరుచుకున్నాక పలకలు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు, కొంచెం విచ్చుకుని చూస్తుంటాయి. అలాగే ఇరుసు బిగిస్తే ఇరుసు మీద ఎప్పుడూ వంపు పడుతూ ఉంటుంది, ఎన్నాళ్ళకో విరుగుతుంది. వీటిని సరిచెయ్యడానికి షాపుల్లో ప్రత్యేకమైన జత పనిముట్లుంటాయి. ఇంట్లో పట్టకారుతో చేసే పని కాదది. అంచేత తెరవడం, సమాంతరం చెయ్యడం రెండూ కలిపి ఉక్కు ఫ్రేములు తెలిసిన షాపుకే ఇవ్వండి. కొత్తది కొనుక్కోమన్న షాపుకి కాదు, పాత సైకిళ్ళు బాగుచేసే షాపుకి. మీ 350లో కూలి ఎక్కువగా పెట్టాల్సిన చోటు ఇదొక్కటే.

ఫ్రీవీల్ విషయంలో పెద్ద ఆలోచన అక్కర్లేదు. షిమానో ఏడు గేర్ల ఫ్రీవీల్ 14-34ది ఒకటి దొరుకుతుంది: 14, 16, 18, 20, 22, 24, ఆపైన ఒక్కసారిగా 34. ఆ చివరి దూకుడు పెద్దదే, కాలికి తెలుస్తుంది. కాని ఆ 34 మీరు వాడేది కొండ మీదే. మిగతా ఆరూ చదునుకి చక్కగా దగ్గరగా ఉన్నాయి. ఇది నాకు మీ అవసరానికి కొలిచి కుట్టినట్టే అనిపిస్తుంది. బిగించేముందు హబ్బు మర మీద గ్రీజు నిండుగా పూయండి. మొదటి రెండు చుట్లు చేత్తోనే, ఏ మాత్రం బిగుసుకున్నా వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టండి. హబ్బు మెత్తటి అల్యూమినియం, మర అడ్డంగా పడితే పనికిరాకుండా పోతుంది. చివరి బిగువు మీరు పెడలు తొక్కితే అదే వస్తుంది.

పాత ఫ్రీవీల్ కూడా తీసి దాచుకోవాలనుకుంటే, దాని గాడికి సరిపోయే తీసే పనిముట్టు కొని, బెంచి వైసులో దాన్ని నిలబెట్టి, చక్రాన్ని దాని మీద బోర్లించి, కారు స్టీరింగు పట్టుకున్నట్టు రిమ్ము రెండు పక్కలా పట్టుకుని ఎడమకి తిప్పండి. పనిముట్టు జారకుండా ఇరుసు నట్టుతో దాన్ని వదులుగా పట్టి ఉంచాలి, మొదటి కదలిక రాగానే ఆ నట్టు తీసెయ్యాలి. ముందే పుల్లలు కత్తిరించేశారా, ఇక హబ్బు పట్టుకోవడానికి ఏమీ మిగలదు, ఆ ఫ్రీవీల్ ఎప్పటికీ ఊడదు.

గేర్లు మార్చే యంత్రం, వెనుక డిరైలర్, మీది సింప్లెక్స్ ప్రెస్టీజ్ అయ్యుంటుంది. ఒళ్ళంతా నల్లటి ప్లాస్టిక్. డ్యూపాంట్ కంపెనీ డెల్రిన్ అనే ప్లాస్టిక్‌ని డిజోన్‌లోని సింప్లెక్స్ కంపెనీ 1960ల మొదట్లో సైకిళ్ళ మీదికి తెచ్చింది. అప్పట్లో తేలిక, చవక. యాభై ఏళ్ళ తర్వాత దానిలో పగుళ్ళు వస్తాయి. పగలకపోయినా 34 పళ్ళు అది ఎక్కలేదు. మీకు కావలసిన డిరైలర్ రెండు పనులు చెయ్యాలి: 34 దాకా ఎక్కాలి, వదులైన చైనుని చుట్టుకోవాలి. రెండోదానికి లెక్క ఇలా వేస్తారు: ముందు తేడా 52లోంచి 40 తీస్తే 12, వెనుక తేడా 34లోంచి 14 తీస్తే 20, మొత్తం 32 పళ్ళు. పొట్టి పంజరం (చైను పోయే రెండు చిన్న కప్పీల్ని పట్టుకునే చట్రం) ఉన్న రేసు డిరైలర్ అంత చుట్టుకోలేదు, పొడుగు పంజరం ఉన్నదే కావాలి. షిమానో టూర్నీ రకం చవకది చాలు. పాత కాలపు రూపమే ఉండాలంటే వాడిన సామానులో సన్‌టూర్ వీ-జీటీ వెతకండి. 1970ల్లో అమెరికా షాపుల వాళ్ళు విరిగిన సింప్లెక్స్‌లు తీసి వేసింది ఎక్కువగా అదే.

సన్‌టూర్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1964లో ఆ కంపెనీ ఇంజనీరు నొబువో ఒజాకి డిరైలర్‌ని పక్కకి జరిపే చతుర్భుజపు చట్రాన్ని ఏటవాలుగా పెట్టాడు. దాంతో పైనున్న చిన్న కప్పీ పళ్ళచక్రాల మెట్ల వెంబడే కిందికీ పైకీ జరుగుతుంది. చిన్న చక్రమైనా పెద్ద చక్రమైనా దానికీ కప్పీకీ మధ్య దూరం దాదాపు మారదు, అందుకే గేరు ఠక్కున పడుతుంది. 1984లో ఆ పేటెంటు గడువు తీరగానే మిగతా కంపెనీలన్నీ అదే దారి పట్టాయి. ఇవాళ మీరు కొనే అతి చవక డిరైలర్‌లో కూడా ఉన్నది ఒజాకి ఆలోచనే. మీ పాత లివరుతో కూడా గేర్లు ఇదివరకటికన్నా నున్నగా పడితే, కారణం అది.

బిగించే చోటు ఒకసారి చూసుకోండి. పాత డిరైలర్ ఒక విడి పలక మీద ఉండి, ఆ పలకని ఇరుసు దగ్గర చిన్న బోల్టు పట్టి ఉంచితే మీ పని సులువు. కొత్త డిరైలర్ పలకతో సహా కొనుక్కోవచ్చు. అలా కాకుండా ఫ్రేము పలకే కిందికి సాగి దానికి రంధ్రం ఉంటే, అది సింప్లెక్స్ పద్ధతి, అందులో మర ఉండదు. షాపులో ఫ్రేము ఇచ్చినప్పుడే 10 మిల్లీమీటర్ల వ్యాసం, మిల్లీమీటరుకో చుట్టు మర కోయించి, డిరైలర్ ఆనుకునే చిన్న మెట్టు ఆకురాయితో తీయించండి.

చైను ఆరు, ఏడు, ఎనిమిది గేర్లకి పనికొచ్చేది కొనండి. పాత చైను కొత్త పళ్ళ మీద వెయ్యకండి. పొడవు చూడడానికి, డిరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందు 52 మీదా వెనుక 34 మీదా చుట్టి, కలిసే చోటికి ఒక అంగుళం కలిపి తెంచండి. లోపలి తీగ, పై తొడుగు రెండూ కొత్తవి వెయ్యండి. లివర్లు అవే ఉంచుకోండి, క్లిక్కుల్లేని లివరుకి వెనుక ఐదున్నా ఏడున్నా ఒకటే. ముందు డిరైలర్ కూడా ప్లాస్టిక్‌దే అయినా పగిలేదాకా దాని జోలికి పోవద్దు.

బ్రేకు రబ్బర్లు మాత్రం కచ్చితంగా మార్చండి. పాతవి గోరుతో నొక్కితే రాయిలా ఉంటాయి. కూల్-స్టాప్ కంపెనీ వారి సాల్మన్ రంగు రబ్బర్లు అల్యూమినియం రిమ్ము మీద వానలో కూడా పట్టుకుంటాయి. మఫాక్ బ్రేకుల్లో రబ్బరు కాడకి మర ఉండదు, నున్నగా ఉంటుంది. అలాంటివే అడిగి తీసుకోండి. ముందు చక్రం కొనేటప్పుడు ఫోర్కు వెడల్పు కూడా కొలవండి. ఇప్పటి ముందు హబ్బులు 100 మిల్లీమీటర్లు, పాత ఫ్రెంచి ఫోర్కులు కొన్ని దానికన్నా ఇరుకు.

యంత్రం మీద తయారైన చక్రం కొంటే, ఎక్కేముందు పక్కపక్కన ఉన్న పుల్లల్ని రెండేసి చొప్పున గుప్పిట్లో పట్టి గట్టిగా నొక్కుతూ చక్రమంతా ఒక చుట్టు రండి. టిక్కు టిక్కుమని చప్పుళ్ళు వస్తాయి, మెలిపడ్డ పుల్లలు సర్దుకుంటున్నాయన్నమాట. తర్వాత బెండు తీయించండి. మొదటి వంద మైళ్ళు తిరిగాక మళ్ళీ ఒకసారి చూపించండి. ఈ రెండోసారి చూపించని చక్రాలే తొందరగా పుల్లలు తెంపుకుంటాయి.

ఇక మీ టక్కుటక్కు. క్రాంకు మార్చక్కర్లేదు, పిన్ను మారిస్తే చాలు. తెనాలి నుంచి తెప్పించుకోవద్దు. మన సైకిళ్ళు బ్రిటిష్ కొలతల బాటలో వచ్చినవి, వాటి కాటర్ పిన్ను 9.5 మిల్లీమీటర్లు. ఫ్రెంచి క్రాంకులకి మామూలుగా 9 మిల్లీమీటర్లది. పాత పిన్ను తీసి దాని గుండ్రటి భాగం లావు కొలిచి అదే కొలతది కొనండి. తీసేటప్పుడు క్రాంకు కింద ఒక ఇనుప గొట్టం నిలబెట్టి, దాని అంచు మీద క్రాంకు ఆనేటట్టు, పిన్ను గొట్టం లోపలికి దిగేటట్టు పెట్టి కొట్టండి. కింద ఆధారం లేకుండా కొడితే దెబ్బంతా బేరింగు గుండ్ల మీద పడి లోపల గుంటలు పడతాయి. కొత్త పిన్ను చదును ముఖం ఇరుసు గాడి మీద పూర్తిగా కూర్చోవాలి. కూర్చోకపోతే ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీసి పెట్టండి. కుడి పిన్ను, ఎడమ పిన్ను ఒకదానికొకటి ఎదురుగా దూరాలి, లేకపోతే రెండు పెడళ్ళూ ఒక వరసలో ఉండవు. నట్టుతో పిన్నుని లాగి బిగించకండి, మర తెగుతుంది. సుత్తితోనో ప్రెస్సుతోనో దింపి, అది మళ్ళీ వెనక్కి రాకుండా ఉండడానికే నట్టు వెయ్యండి. ఒక పది మైళ్ళు తొక్కాక పిన్ను ఇంకొంచెం దిగుతుంది, అప్పుడు మళ్ళీ ఒక దెబ్బ వేసి నట్టు బిగించండి. వాషింగ్టన్ రాక్‌కి ఆ తర్వాతే బయల్దేరండి.